డబ్బాపాలు, క్రోనోబాక్టర్: నీళ్ళు మరిగిస్తే సరిపోతుందా?

32 వారాలకే పుట్టిన పాపకి మీ పాలు చాలక డబ్బాపాలు కూడా పడుతున్నామన్నారు. క్రోనోబాక్టర్ అనే బాక్టీరియా వల్ల మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వస్తుందని విన్నామని, నీళ్ళు మరిగించి చల్లార్చి కలిపితే చాలా అని అడిగారు. చాలదండీ. ఈ క్రిమి పొడిలోనే ఉండొచ్చు. మా వార్డులో తల్లులకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

పాలపొడి స్టెరైల్ కాదు, అంటే క్రిములు పూర్తిగా లేనిది కాదు. సీలు తీయని డబ్బాలోనూ అరుదుగా ఈ క్రిమి ఉంటుంది, పొడిగా ఉన్నా నెలల తరబడి చావదు. 2001లో అమెరికాలోని టెన్నెసీలో ఒక ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) నెలలు నిండని బిడ్డ ఈ మెనింజైటిస్‌తో చనిపోతే, ఆరా తీసినప్పుడు మూలం పాలపొడి అని తేలింది. జబ్బు చాలా అరుదు. కానీ వస్తే మెదడులో చీముగడ్డలు కడతాయి, బతికిన పిల్లల్లోనూ చాలామందికి ఎదుగుదల దెబ్బతింటుంది.

అందుకే పొడిలోని క్రిమి చావాలంటే దాని మీద పడే నీళ్ళు 70 డిగ్రీలకు తగ్గకూడదు. చాలా డబ్బాల మీద గోరువెచ్చటి నీళ్ళు అనే రాసి ఉంటుంది, నెలలు నిండని బిడ్డకి అది పనికిరాదు. మీకు కావలసింది 60 మి.లీ. అయినా ఒక లీటరు మరిగించి, మూతపెట్టి, 30 నిమిషాల లోపే వాడండి. గ్లాసుడు నీళ్ళే మరిగిస్తే నిమిషాల్లో 70 కిందికి దిగిపోతాయి. పొద్దున ఫ్లాస్కులో పోసి సాయంత్రం దాకా వాడే అలవాటుతోనే ఎక్కువగా తప్పు జరుగుతుంది.

ముందు నీళ్ళు కొలిచి పోయండి, తరవాత డబ్బాలోని చెంచాతో తలకొట్టి పొడి వేయండి. ఎన్ని నీళ్ళకి ఎన్ని చెంచాలో డబ్బా మీద చూడండి. కలిపాక గిన్నెని చల్లటి నీళ్ళలో ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి చూశాకే పట్టండి. రెండు గంటలు దాటితే పారబోయండి. బిడ్డ తాగగా మిగిలినవి అప్పుడే పారబోయాలి.

పాలసీసా కంటే ఉగ్గుగిన్నె మేలు, మూలమూలా తోమొచ్చు. అమ్మపాలు పిండే పంపుతోనూ జాగ్రత్త. 2016లో పెన్సిల్వేనియాలో ఒక బిడ్డకి ఈ క్రిమి పంపు ద్వారా వచ్చింది. పంపు భాగాలను సబ్బునీళ్ళలో గంటల తరబడి నానబెట్టి వదిలేశారు. వాడిన వెంటనే కడిగి, మరిగించి, పూర్తిగా ఆరనివ్వండి.

డాక్టరు అమ్మపాలలో కలపమని ఫోర్టిఫయర్ (పోషకాలు పెంచే) పొడి ఇచ్చి ఉంటే దానికి ఈ 70 డిగ్రీల పద్ధతి వాడకండి. ఎలా కలపాలో వాళ్ళనే అడగండి. హైదరాబాద్ దగ్గర్లో ఉంటే నీలోఫర్ పిల్లల ఆసుపత్రిలోని ధాత్రి తల్లిపాల బ్యాంకు గురించి కూడా వాకబు చేయండి. బ్యాంకు పాలను 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసి పాశ్చరైజ్ చేస్తారు, అంటే క్రిములను చంపుతారు.

ఇంత చిన్న బిడ్డకి మెనింజైటిస్ వస్తే మెడ బిగుసుకోకపోవచ్చు, జ్వరమూ రాకపోవచ్చు. ఒళ్ళు చల్లబడటం, పాలు తాగకపోవడం, మగతగా పడి ఉండటం, ఊపిరి ఆగి ఆగి తీయడం, మాడు ఉబ్బడం, చెయ్యో కాలో ఒకే తీరుగా అదరడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. వెన్ను నీరు తీయాలంటే వద్దనకండి. మెనింజైటిస్ ఉందో లేదో, ఏ క్రిమో, ఏ మందుకి లొంగుతుందో తేల్చేది ఆ పరీక్షే. ఈ రకం క్రిములకు కనీసం 21 రోజులు ఇంజెక్షన్లు పడతాయి, బిడ్డ తేరుకున్నట్టు కనిపించినా మధ్యలో ఆపించకూడదు. డబ్బాపాలు పట్టామని డాక్టరుకి ముందే చెప్పండి, వాడుతున్న డబ్బాని పారేయకుండా వెంట తీసుకెళ్ళండి. దాని బ్యాచ్ నంబరు అవసరమవుతుంది.