సీ డెస్కా, ఎయిర్ డెస్కా?

ప్రశ్న: లాజిస్టిక్స్ డిప్లొమా పూర్తిచేశాను సార్. ఒక ఫ్రైట్ ఫార్వర్డింగ్ (వ్యాపారుల సరుకును ఓడల్లో, విమానాల్లో పంపే ఏర్పాట్లు చూసే) కంపెనీలో సీ ఎక్స్‌పోర్ట్ డెస్క్, ఎయిర్ కార్గో డెస్క్‌లలో ఏది కావాలో చెప్పమన్నారు. ఓడలంటే వారాల తరబడి ప్రయాణం, ఇక దానికి భవిష్యత్తేముంటుందని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. ఏది తీసుకోను?

జవాబు: నన్నడిగితే సీ డెస్కే తీసుకో బాబూ. ప్రపంచ వాణిజ్యంలో పరిమాణం లెక్కన 80 శాతం దాకా సరుకు నేటికీ సముద్రం మీదే వెళ్తోంది, ఆలస్యమవుతుందని తెలిసి కూడా వ్యాపారులు ఓడకే ఎక్కిస్తున్నారంటే ఎందుకో ఇంట్లోవాళ్లకు ఒక లెక్క వేసి చూపించు.

ఒక ఘనపు మీటరు చోటు పట్టే దిండ్ల పెట్టె ఉందనుకో, బరువు 60 కిలోలే. విమానంలో పంపితే చోటును బట్టి సుమారు 167 కిలోలకు డబ్బు కట్టించుకుంటారు, పైగా కిలో రేటే ఎక్కువ. ఓడలో అయితే మామూలుగా ఒక ఘనపు మీటరు రేటు, అంతే. అదే పెట్టెలో ఇనుప బోల్టులు నింపినా టన్ను దాటనంతవరకు రేటు మారదు! పెద్ద సరుకు విమానం వంద టన్నులకు కాస్త అటూ ఇటూగా మోస్తే, అతిపెద్ద కంటెయినర్ ఓడలు 20 అడుగుల పెట్టెల లెక్కన 24,000 దాకా మోస్తాయి, ఆ ఇంధనం, ఆ పాతిక మంది సిబ్బంది జీతాలు అన్ని పెట్టెల మీదా పంచుకుంటే ఒక్కోదానికి ఎంత పడుతుందో చూడు. టన్నుకు, కిలోమీటరుకు లెక్కేస్తే పొగ కూడా విమానం కంటే చాలా తక్కువ. లారీకి రోడ్డు, రైలుకి పట్టాలు ఎవరో ఒకరు వెయ్యాలి, సముద్రానికి ఆ ఖర్చు లేదు. ముడిచమురు, ఇనుప ఖనిజం, గోధుమలైతే ఖండాలు దాటడానికి ఓడ తప్ప దారేది?

అలాగని అన్నీ ఓడకు నప్పవు. కోసిన పూలు, అత్యవసర మందులు, ఆగిపోయిన యంత్రానికి కావాల్సిన విడిభాగం విమానంలోనే వెళ్లాలి. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే కంటెయినర్ ఓడ సూయజ్ కాలువలో ఆరు రోజులు ఇరుక్కుంటే వందల ఓడలు నిలిచిపోయాయి. అలాంటి రోజున కస్టమర్ ఫోన్ చేసేది నీకే, ఏ సరుకు ఆగగలదు, దేన్ని విమానానికి మార్చాలి అని చెప్పగలిగినవాడికే ఈ రంగంలో విలువ.

చేరాక మొదటి మూడు నెలలూ బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడకెక్కించిన సరుకుకు ఇచ్చే రసీదు పత్రం, దాని పని మీదే కూర్చో. కంటెయినర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి, చివరి అంకె మిగతావి సరిగ్గా ఉన్నాయో లేదో పట్టించే తనిఖీ అంకె, దాన్ని లెక్కకట్టడం ముందు నేర్చుకో. ఒక్క అంకె తప్పుపడితే పెట్టె రేవులోనే ఆగిపోయి, రోజురోజుకీ డెమరేజ్, అంటే అక్కడ ఆగినందుకు కట్టాల్సిన రుసుము, పెరుగుతుంది. పలువురి విడి పెట్టెలు ఒకే కంటెయినర్‌లో కలిపి పంపే ఎల్‌సీఎల్, నిండు కంటెయినర్ ఎఫ్‌సీఎల్, రెండిట్లోనూ పని నేర్పిస్తారా అని చేరే ముందే అడుగు.