కిటికీ తట్టి నిద్ర లేపే ఉద్యోగం
పిల్లల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: మా తాతగారు చిన్నప్పుడు డాక్‌యార్డు సైరను విని లేచేవారట. సైరన్లూ అలారాలూ లేని కాలంలో వేరే దేశాల్లో పనికి వెళ్లేవాళ్లు వేళకు ఎలా లేచేవారు?
– ఆరో తరగతి విద్యార్థిని, కంచరపాలెం, విశాఖపట్నం

జవాబు: మీ తాతగారికి సైరను చేసిపెట్టిన పనిని ఇంగ్లండులో ఒకప్పుడు మనుషులే చేసేవారు. 19వ శతాబ్దంలో మాంచెస్టర్ వంటి ఊళ్లలో బట్టల మిల్లులు తెల్లవారుజామునే మొదలయ్యేవి. కాస్త ఆలస్యమైనా కూలిలో కోత పడేది, ఒక్కోచోట గేటు కూడా మూసేసేవారు. కావలసిన వేళకు మోగేలా పెట్టుకునే అలారం గడియారానికి ఫ్రాన్సులో ఆంట్వాన్ రెడియే 1847లోనే పేటెంటు తీసుకున్నా, అటువంటి వస్తువు మిల్లు కూలీల సంపాదనకు అందేది కాదు. అందువల్ల వారు వారానికి కొద్ది పెన్నీలిచ్చి, తమను నిద్ర లేపడానికి ఒక మనిషిని కుదుర్చుకునేవారు. ఈ పని చేసేవారిని ‘నాకర్ అప్’ అని పిలిచేవారు. వారిలో వృద్ధులూ స్త్రీలూ ఎక్కువగా ఉండేవారు.

వీరు తలుపు తట్టేవారు కారు. తలుపు గట్టిగా బాదితే డబ్బు ఇవ్వని ఇరుగుపొరుగు వారు కూడా లేచి కూర్చుంటారు. వారిలో జబ్బుతో ఉన్నవారు తిడతారు, తక్కినవారు రూపాయి ఖర్చు లేకుండా రోజూ లేస్తారు. ఈ రెండు ఇబ్బందులూ లేకుండా మేడ మీది పడకగది కిటికీకి అందేంత పొడవైన కర్రను, చివర సన్నని తీగలు కట్టి, అద్దం మీద మెల్లగా ఆడించేవారు. లండన్ తూర్పు ప్రాంతంలో మేరీ స్మిత్ అనే ఆవిడ మరో ఉపాయం కనిపెట్టింది. పొడవాటి గొట్టంలో ఎండు బఠాణీ గింజ పెట్టి, నోటితో ఊది, కిటికీకి గురి చూసి కొట్టేది. ఇందుకు ఆమె తీసుకున్నది వారానికి ఆరు పెన్నీలు. వీధిలో నిలబడి, తల పైకెత్తి, గొట్టం నోట పెట్టుకున్న ఆమె ఫొటో ఇప్పటికీ ఉంది. దానిని చూసినప్పుడల్లా, ధనుర్మాసపు చలిలో వీధి వీధినీ లేపుతూ వెళ్లే మన హరిదాసు నాకు గుర్తుకు వస్తాడు.

డర్హమ్ ప్రాంతపు బొగ్గు గని కార్మికులు ఇంటి గోడకు చిన్న పలక బిగించుకుని, తాము ఏ షిఫ్టుకు వెళ్లాలో దాని మీద సుద్దముక్కతో రాసిపెట్టేవారు. లేపేవాడు ఆ అంకె చూసుకుని ఆ వేళకు వచ్చేవాడు.

మనిషి సాయం లేకుండా లేచే పద్ధతులూ ఉండేవి. చైనాలో అగరువత్తిని అడ్డంగా పరిచి, దాని మీదుగా దారం వేసి, దారం రెండు కొసలకూ చిన్న గుండ్లు కట్టేవారు. నిప్పు అక్కడికి చేరగానే దారం తెగి, గుండ్లు కింద పెట్టిన లోహపు పళ్లెంలో పడి ఖణేలుమనేవి. మన దేశంలో అయితే అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీళ్లలో తేలేసేవారు. ఆ గిన్నెను సంస్కృతంలో ఘటిక అన్నారు, మన ‘గడియ’ అక్కడి నుంచి వచ్చినదే. గిన్నె నిండి మునగడానికి పట్టే 24 నిమిషాలు ఒక గడియ. అటువంటివి 60 అయితే ఒక రోజు. మునిగిన ప్రతిసారీ కాపలా ఉన్న మనిషి గంట కొట్టి, గిన్నెను మళ్లీ తేలేసేవాడు.

నీ ఉత్తరం చదివిన ఆదివారమే నేను ఒక పాత టిన్ను డబ్బాకు అడుగున మేకుతో రంధ్రం చేసి బకెట్టు నీళ్లలో వదిలాను. మేకు లావుది కావడంతో డబ్బా రెండు నిమిషాలకే బుడుంగుమంది. మరో డబ్బాకు గుండుసూదంత రంధ్రం చేస్తే పదకొండు నిమిషాలు తేలింది. సరిగ్గా 24 నిమిషాలకు మునిగే గిన్నెను తయారు చేసిన కంచరి ఎన్ని గిన్నెలు పాడుచేసుకుని ఉంటాడో అప్పుడు తెలిసింది. పెద్దవాళ్లను దగ్గర ఉంచుకుని నువ్వు కూడా చేసి చూడు.

ప్రశ్న: పూర్వం మన దేశంలోనే ఊరికో సమయం ఉండేదని మా మాస్టారు చెప్పారు. అది నిజమేనా?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: నిజమే. సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళను పన్నెండుగా లెక్కిస్తే, తూర్పున ఉన్న ఊరికి పన్నెండు ముందుగా అవుతుంది. ఆ లెక్కన విశాఖపట్నం మద్రాసు కన్నా సుమారు 12 నిమిషాలు ముందు ఉంటుంది. ఎడ్లబండి మీద ప్రయాణం చేసే రోజుల్లో ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు గాని, రైళ్లు వచ్చాక ప్రతి స్టేషనుకూ తన సొంత సమయం ఉంటే బండ్లు నడపడం కుదరదు కనుక, రైల్వేలు మద్రాసు సమయాన్ని పాటించాయి. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే సమయం ఏర్పడింది. అయినా కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత సమయాన్ని వదులుకోలేదు. సొంత ఊరి మధ్యాహ్నాన్ని మరొకరి లెక్కకు అప్పగించడం అంత తేలిక కాదు మరి.

ఇప్పటి మన సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖ కాకినాడకు దగ్గరగా వెళుతుంది. మనం దానికి కొంచెం తూర్పున ఉన్నాం కాబట్టి, సగటున చూస్తే, విశాఖలో సూర్యుడు నడినెత్తికి రావడం గడియారంలో పన్నెండు కావడానికి మూడు నిమిషాలు ముందే జరుగుతుంది.

మన ఊరికి ఈ విషయంలో గొప్ప చరిత్ర ఉంది. గొడే వెంకట జగ్గారావు 1840లో ఇక్కడ సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపించారు. అక్కడ నక్షత్రాలను చూసి లెక్కకట్టిన వేళను ఫిరంగి మోతతో ఊరికి తెలిపేవారు. ఒకప్పుడు ఆ వేధశాల ఉన్న డాబాగార్డెన్స్ మీదుగా బస్సులో వెళ్లే పిల్లల్లో ఎందరికి ఈ సంగతి తెలుసునా అని నాకు దిగులుగా ఉంటుంది.

లండన్‌లో ఒక కుటుంబం ఏకంగా సమయాన్ని అమ్మి బతికింది. 1836లో జాన్ హెన్రీ బెల్విల్ గ్రీనిచ్ వేధశాలలో సరిచేసిన గడియారాన్ని పట్టుకుని ఊరంతా తిరిగి, చందాదారులు తమ గడియారాలను దానితో సరిపోల్చుకోనిచ్చేవాడు. ఆయన తర్వాత భార్య, ఆమె తర్వాత కూతురు రూత్ ఆ పనే చేశారు. గడియారానికి, దానిని తయారు చేసిన వాడి పేరు మీదుగా, ‘ఆర్నాల్డ్’ అని పేరు. రూత్ 1940 దాకా, ఎనభై దాటిన వయసులో కూడా, ఆర్నాల్డ్‌ను సంచిలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది.

ప్రశ్న: అందరినీ లేపేవాళ్లను ఎవరు లేపేవారు?
– మొదటి విద్యార్థిని తమ్ముడు, మూడో తరగతి

జవాబు: చాలామంది రాత్రి అసలు పడుకునేవారే కారు నాన్నా. రాత్రి గస్తీ తిరిగే పోలీసు కానిస్టేబుళ్లలో కొందరు ఎలాగూ మెలకువగానే ఉంటారు కాబట్టి, నాలుగు పెన్నీల కోసం ఈ పని కూడా చేసేవారు. తక్కినవారు కర్ర భుజాన వేసుకుని చివరి కిటికీ దాకా తిరిగి, మిల్లు గేట్లు మూసుకుని ఊరంతా పనిలో పడ్డాక, ఇంటికి వెళ్లి పట్టపగలే నిద్రపోయేవారు.