టెక్ సందేహాలు: ఆ క్యాసెట్టు ఇప్పుడే పెట్టకండి

కొన్ని వారాలుగా ఒకే ఫిర్యాదు వస్తోంది. అటక మీది టేపురికార్డర్ దించారు, తుడిచారు, ప్లగ్గు పెట్టారు. ఇంట్లో ఇన్నేళ్లు దాచుకున్న క్యాసెట్టునే మొదట వేశారు. సెట్టు రీలును నమిలేసింది. జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూర్, హనుమకొండ... ఊరు మారుతోంది గానీ వరస మారడం లేదు. గల్ఫ్‌కు పోయినవాళ్లు దుబాయి నుంచి, మస్కట్ నుంచి మోసుకొచ్చిన టూ ఇన్ వన్‌లు ఇవి. సెట్టు పోతే ఇంకో సెట్టు దొరుకుతుంది. క్యాసెట్టులో ఉన్న నాయిన గొంతు దొరకదు. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం వీటికే.

మా సెట్టులో రేడియో మంచిగనే వస్తది. ప్లే నొక్కితే మోటారు గుయ్యిమంటది గానీ క్యాసెట్టు తిరగది. కొంచెం సేపు తిరిగితే రీలంతా లోపల చుట్టుకుంటది. – జగిత్యాల నుంచి ఒక పాఠకుడు

బెల్టు పోయింది. ముప్పై ఏళ్లు దాటిన రబ్బరు బెల్టు తెగిపోవడం కన్నా కరిగి తారులా మారడమే ఎక్కువ. అది పుల్లీలకు, ఫ్లైవీల్ అనే బరువు చక్రానికి అతుక్కుని ఉంటుంది. వేలికి అంటితే రెండు రోజులు వదలదు, చేతికి గ్లవ్స్ వేసుకోండి. మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇచ్చే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూది చుట్టిన పుల్లతో ఆ తారునంతా తీసేయాలి. కొంచెం మిగిలినా కొత్త బెల్టు అక్కడ జారుతుంది. పెట్రోలు, థిన్నర్ వాడితే ప్లాస్టిక్ పుల్లీ కరుగుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో గ్లిజరిన్ కలిపి ఉంటుంది, ఆరాక జిడ్డు పొర మిగులుతుంది. అదీ వద్దు.

పాత బెల్టు కరిగిపోతే కొలత ఎలా? బెల్టు నడిచే దారంతా ఒక దారం చుట్టి, కలిసిన చోట కత్తిరించి కొలవండి. అందులో ఐదారు శాతం తగ్గిస్తే కొత్త బెల్టు లోపలి చుట్టుకొలత. దారం 240 మిల్లీమీటర్లు వచ్చిందనుకుంటే బెల్టు సుమారు 226 ఉండాలి. అమ్మేవాళ్లు వ్యాసం అడిగితే 3.14తో భాగించి 72 అని చెప్పండి. అడ్డంగా కోస్తే చతురస్రంగా కనిపించే బెల్టులు చాలా సెట్లలో 1.2 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. ఫ్లైవీల్‌ను తిప్పేది పట్టీలాంటి వెడల్పు బెల్టైతే దాని బదులు చతురస్రపుది వేయకూడదు. మరీ బిగుతుదైతే మోటారు బుష్ అరిగిపోతుంది, వేగం తగ్గుతుంది. వదులైతే పాట ఊగుతుంది. నోట్లకు వేసే రబ్బరు బ్యాండు, సైకిల్ ట్యూబు ముక్క వేసి "నడుస్తోంది" అని రాసినవాళ్లు ముగ్గురున్నారు. వాటి మందం అంతటా ఒకేలా ఉండదు. ప్రతి చుట్టుకూ స్వరం వంగుతుంది, కొద్ది నెలల్లో మళ్లీ అదే తారు.

ఇక రీలు నమలడం. టేపును చదివే హెడ్డు పక్కన సన్నటి ఇనుప కడ్డీ, దానికి ఆనుకుని నల్ల రబ్బరు రోలరు ఉంటాయి. ఈ రెండూ కలిసి టేపును సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున ముందుకు తోస్తాయి. అలా వచ్చిన టేపును కుడి స్పూలు, అంటే క్యాసెట్టు కుడి కన్నంలో తిరిగేది, వెంటనే చుట్టుకోవాలి. అది ఆగితే వచ్చిన టేపంతా కడ్డీకే చుట్టుకుంటుంది. కాబట్టి క్యాసెట్టు లేకుండా ప్లే నొక్కి చూడండి. కుడి స్పూలును వేలితో మెల్లగా ఆపితే ఆగాలి, వదలగానే మళ్లీ తిరగాలి. తిరగకపోతే దాన్ని తిప్పే చిన్న రబ్బరు చక్రాన్ని శుభ్రం చేయాలి లేదా మార్చాలి. రబ్బరు రోలరును సబ్బు నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. మాటిమాటికీ ఆల్కహాల్ రాస్తే రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. హెడ్డుకూ కడ్డీకీ మాత్రం ఆల్కహాలే సరైనది.

మొదటి పరీక్షకు ఎవరికీ అక్కరలేని క్యాసెట్టు పెట్టండి. ఒక వైపంతా తిరిగేదాకా పక్కనే కూర్చోండి. ఆ తర్వాతా ఇంటి క్యాసెట్టు నేరుగా పెట్టకండి. ముందు దాని వెనక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ పలకలు రెండూ విరవండి. వినే వైపు మీకేసి, టేపు కనిపించే అంచు కిందికి ఉండేలా పట్టుకుంటే పైన ఎడమ పక్కది ఆ వైపుకు కాపలా. అది విరిగితే రికార్డు మీట దిగదు. అది ఉంటే మాత్రం ఒక్క పొరపాటు నొక్కుతో పెళ్లినాటి పాటలు చెరిగిపోతాయి.

బెల్టు మార్చిన. పాట నడుస్తున్నది గానీ గొంతు బరువుగా, దుప్పటి కప్పుకుని పాడినట్టు వస్తున్నది. – హనుమకొండ

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. గొంతు బరువెక్కితే వేగం తగ్గినట్టు. దుప్పటి కప్పినట్టుంటే హెడ్డు మురికిగా ఉన్నట్టు, లేదా వంగినట్టు.

ముందు వేగం. సెట్టును పావుగంట నడవనివ్వండి. కంపెనీ క్యాసెట్టులో ఉన్న ఒక పాటను ఫోన్లో అదే రికార్డింగుతో పోల్చి గడియారం పెట్టండి. ఫోన్లో 300 సెకన్లు ఉన్నది ఇక్కడ 309 పడితే మూడు శాతం నెమ్మది. చాలా సెట్లలో మోటారు వెనక చిన్న కన్నం ఉంటుంది, కొన్నింట్లో రబ్బరు మూత కింద. సన్న స్క్రూడ్రైవరుతో అందులోని వేగం సరిచేసే ట్రిమ్మరును వెంట్రుకవాసి తిప్పి మళ్లీ వినండి. కొన్ని సెట్లలో ఆ ట్రిమ్మరు మోటారు మీద కాక బోర్డు మీద ఉంటుంది. రెండు క్యాసెట్ల సెట్టైతే సాధారణ వేగం సరిచేశాకే డబ్బింగు వేగం (ఒక క్యాసెట్టు నుంచి ఇంకోదానికి త్వరగా కాపీ చేసేది) జోలికి పోవాలి.

ఇక హెడ్డు ఒంపు. దానికి ఒక పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూ ఉంటుంది. హెడ్డు మధ్యలోని సందు మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు), రెండు మైక్రాన్లు మాత్రమే. కొంచెం ఒరిగినా "స", "శ" శబ్దాలు మింగేసినట్టవుతాయి. స్క్రూ ఇప్పుడున్న చోట గుర్తు పెట్టి, ఎనిమిదో వంతు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పి ఆ శబ్దాలు ఎక్కడ పదునుగా వినిపిస్తాయో చూడండి. దొరికాక గోళ్ల రంగు ఒక చుక్క వేసి బిగించండి. ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్టు మరో సెట్టులో మరో ఒంపులో రికార్డై ఉంటుంది. దాని కోసం స్క్రూ తిప్పి, కాపీ తీసుకున్నాక మొదటి గుర్తుకు తెచ్చేయండి.

ఒక పక్క స్పీకరు మూగబోయినా, కీచుమన్నా భాగాలు మార్చే ముందు కరెంటు తీసేసి, బోర్డు మీద పొడుగ్గా ఉండే రికార్డు-ప్లే స్విచ్చిలో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఇరవై సార్లు ముందుకూ వెనక్కూ జరపండి. అన్నీ దీనికే నయం కావు, కానీ చాలా అవుతాయి. తుప్పు పట్టిన బోల్టులకు కొట్టే స్ప్రే ఇక్కడ వాడకూడదు.

మామయ్య సౌదీ నుంచి తెచ్చిన సెట్టు. ప్లగ్గు పెట్టంగనే కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. – సిరిసిల్ల

సౌదీలో అప్పట్లో చాలా ఇళ్లకు వచ్చేది 127 వోల్టులు, మనకు 230. సెట్టు వెనక వోల్టేజి సెలెక్టర్ ఉంటుంది. అది 110 లేదా 127 దగ్గరే ఉండిపోయి ఉంటుంది. ప్లగ్గు తీసి ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీని (ప్లగ్గు నుంచి కరెంటు వచ్చే చుట్టను) మల్టీమీటరుతో కొలవండి. అసలు రీడింగే రాకపోతే చుట్ట మీది కాగితం పొర కింద ఉండే, వేడెక్కితే తెగే థర్మల్ ఫ్యూజు పోయి ఉండొచ్చు. దాని మీద రాసిన ఉష్ణోగ్రతా ఆంపియర్లూ చూసి అలాంటిదే వేయించండి. దాన్ని తీగతో కలిపేయడం మాత్రం వద్దే వద్దు. రాత్రంతా ప్లగ్గులో ఉండే వస్తువు అది. వోల్టేజి పెరిగే ఊళ్లలో సెలెక్టర్ 220 మీద కాకుండా 240 మీద పెట్టండి. 60 హెర్ట్జ్ అని రాసి ఉందని బెంగ అక్కరలేదు. వీటిలో మోటారు డీసీది, వేగానికీ హెర్ట్జ్‌కూ సంబంధం లేదు.

ఏళ్ల తరబడి ఆగిపోయిన సెట్టుకు మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండే, బల్బు గుండా కరెంటు పంపే సీరీస్ బోర్డు వాడండి, 60 వాట్ల పాత రకం బల్బుతో. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే సరే. అలాగే భగ్గున వెలుగుతుంటే లోపల షార్టు ఉంది. పాట వెనక గుమ్మని మోత ఉంటే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ మార్చాలి. అంతే మైక్రోఫారడ్లు, అంతకు తగ్గని వోల్టులు, 105 డిగ్రీల రకం. మైనస్ గీత ఎటుందో తీసే ముందే ఫొటో తీసుకోండి.

మూత తీసి చేసే పనంతా సెల్లుల మీదే చేయండి. ఎనిమిది పెద్ద సెల్లులు వేస్తే 12 వోల్టులు, ఆరైతే 9. చేయి తగిలినా షాకు కొట్టదు. బయటి అడాప్టర్ పెట్టేవాళ్లు జాక్ పక్కనున్న చిన్న బొమ్మ చూడండి. పాత సెట్లలో చాలావాటికి మధ్య పిన్ను మైనస్, ఇప్పటి అడాప్టర్లకు ప్లస్. తిరగేసి పెడితే ఆంప్లిఫయర్ ఐసీ ఒక్క క్షణంలో పోతుంది.

సెల్లుల డబ్బాలో అంతా పచ్చ చిలుము. శుభ్రం చేసి లిథియం సెల్లులు పెట్టించుకోవచ్చా? – నిజామాబాద్

ఇంటర్నెట్లో అందరూ వెనిగర్ అంటారు. అది ఆల్కలైన్ సెల్లు కారితే. మన కిరాణా కొట్టు పెద్ద సెల్లులు ఎక్కువగా జింక్ కార్బన్, వాటి కారుడు ఆమ్లం. వంట సోడా నీళ్లతో తుడిచి, తర్వాత తడిగుడ్డ, చివర ఆల్కహాల్. స్ప్రింగు మెరిసేదాకా సన్న గరుకు కాగితంతో రుద్దండి.

లిథియం మాత్రం ఇలా వద్దు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి, మూడు సెల్లులు వరసగా కలిపి, రక్షణ బోర్డు లేకుండా లోపల టేపు చుట్టి పెడుతున్నారు. నిండుగా ఛార్జైతే అవి 12.6 వోల్టులు. 9 వోల్టుల సెట్టుకు అది ఎక్కువ. ఒక సెల్లు మిగతావాటికన్నా ముందే నిండితే వేడెక్కి అంటుకోవచ్చు. చుట్టూ ఉన్నదంతా ప్లాస్టిక్కే. అదే డబ్బాలో ఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు పెట్టి, బయట ఛార్జరులో ఛార్జి చేసుకోండి. ఎనిమిది కలిస్తే 9.6 వోల్టులు, 12 వోల్టుల సెట్లు చాలావరకు దాని మీద బాగానే పాడతాయి.

నాయిన 1990లలో దుబాయి నుంచి ఉత్తరం బదులు క్యాసెట్టు మాట్లాడి పంపేటోడు. ఆయన లేడిప్పుడు. సుయ్యిమనే శబ్దం తీసేయడానికి ఫోన్లో ఒక ఫ్రీ యాప్ దొరికింది. అందులో వేయమంటారా? – కోరుట్ల నుంచి ఒక పాఠకురాలు

వేయకండమ్మా. ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికన్నా భయపెట్టింది మీదే.

ఇలాంటి యాప్‌లు చాలావరకు శబ్దాన్ని మీ ఫోన్లో శుభ్రం చేయవు, తమ సర్వరుకు పంపించుకుంటాయి. అక్కడ ఎన్నాళ్లుంటుందో, ఎవరి చేతికి పోతుందో చెప్పే పేజీ ఎవరూ చదవరు. కొన్ని సెకన్ల స్పష్టమైన గొంతు ఉంటే చాలు, ఆ గొంతుతో కొత్త మాటలు పలికించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి. మీ క్యాసెట్టులో అరగంటైనా ఉంటుంది. నాయిన గొంతు ఒక్కటే కాదు. పిల్లల ముద్దు పేర్లు, ఎవరికి ఎంత బాకీ, పొలం ఎవరి పేరు మీద పెట్టాలి, ఏ బ్యాంకు నుంచి డబ్బు పంపాడు... మోసగాడు ఒక ఇంటి గురించి తెలుసుకోవాలనుకునేదంతా వరసగా అందులో ఉంటుంది. వెనక పలికే అమ్మ గొంతు, తమ్ముడి గొంతు ఉన్నాయంటే వాళ్లు ఈ రోజుకూ ఫోన్లు ఎత్తే మనుషులు. "నేనే మాట్లాడుతున్న, ఆసుపత్రిలో ఉన్న, డబ్బు పంపు" అనే కాల్ వస్తే గొంతు విని నమ్మకండి. కాల్ కట్ చేసి, మీ దగ్గరున్న నంబరుకు మీరే చేయండి. ఇంట్లోవాళ్లు ఒక రహస్యపు మాట అనుకుని పెట్టుకోండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గంట ఆలస్యమైనా డబ్బు చేతులు మారిపోతుంది.

పని ఇంట్లోనే అవుతుంది. సెట్టు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి, కంప్యూటర్‌లో బయటి శబ్దం తీసుకునే లైన్ ఇన్ రంధ్రానికి తీగ వేయండి. ల్యాప్‌టాప్‌కు లైన్ ఇన్ లేకపోతే, లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కావాలి. మైకు రంధ్రంలో పెడితే శబ్దం పగిలిపోతుంది. శబ్దం రికార్డు చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని సొంత వెబ్‌సైటు నుంచే దింపుకోండి. క్యాసెట్టును మొదట చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి, అతుక్కున్న చుట్లు వదులుతాయి. టేపు అంచున తెల్ల బూజు కనిపిస్తే మాత్రం తిప్పకుండా విడిగా పెట్టండి. అది హెడ్డుకు అంటి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. శబ్దం పెద్దదైన చోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. వేవ్ (WAV) ఫైలుగా దాచండి, గంటకు సుమారు 600 మెగాబైట్లు పడుతుంది. సుయ్యిమనే శబ్దం తగ్గించాలంటే మాటలు లేని రెండు సెకన్లు ఎంచుకుని నాయిస్ ప్రొఫైల్ (ఆ శబ్దం నమూనా) తీసుకోండి, 6 నుంచి 9 డెసిబెల్స్ దాకా తగ్గించండి. అంతకు మించితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. శుభ్రం చేయని మొదటి ఫైలును చెరపకండి.

షాపులో చేయించాల్సి వస్తే పక్కన కూర్చుని, మీ పెన్‌డ్రైవ్‌లోకే ఎక్కించుకుని, వాళ్ల కంప్యూటర్లోది మీ ముందే తీసేయించండి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. 1963లో వచ్చిన ఈ క్యాసెట్టుకు ఒక ప్లాస్టిక్ పలక ఉంది. అది విరిస్తే ఇక దాని మీద పొరపాటున రికార్డు కాదు. చదువురాని ముసలమ్మకూ ఒక్కసారి చూపిస్తే అర్థమయ్యే తాళం. ఇవాళ శబ్దం శుభ్రం చేసే యాప్‌కు కాంటాక్టులు కావాలి, లొకేషన్ కావాలి, "వద్దు" అనే బటన్ నాలుగో తెరలో బూడిద రంగులో దాక్కుంటుంది. తీసేసిన అనుమతులు తిరిగి అడిగే యాప్‌లూ ఉన్నాయి. ఇది చేతకాక చేసిన డిజైన్ కాదు, కావాలని చేసింది. కొత్తగా వస్తున్న బ్లూటూత్ టేపురికార్డర్లదీ అదే దారి. పేరు పాతది, లోపల తేలికపాటి ఫ్లైవీలు. పిన్ను అడగని బ్లూటూత్, వాకిట్లో ఉన్న ఎవరి ఫోనైనా మీ స్పీకర్లో మాట్లాడుతుంది. ఆ డబ్బుతో మీ పాత సెట్టుకు బెల్టులు, రోలరు వేయించుకోండి.

ఆన్‌లైన్లో జపాన్ సెట్టు ఒకటి చూశాను. కొనచ్చా? – కాజీపేట

జపాన్‌లో అమ్మినదైతే 100 వోల్టులు, ఎఫ్ఎం చాలా పాత సెట్లలో 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకానే. మన ఎఫ్ఎం 88 నుంచి 108. అంటే అలాంటి సెట్టులో మన స్టేషన్లు దాదాపు ఏవీ రావు. 230 నుంచి 100కు దించే అసలైన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, చేతిలో తేలికగా ఉండే ట్రావెల్ కన్వర్టర్ పనికిరాదు. డబ్బు కట్టే ముందు వెనక ప్లేటు ఫొటో, సెల్లుల డబ్బా ఫొటో, క్యాసెట్టు తిరుగుతుండగా కుడి స్పూలు కనిపించే వీడియో అడగండి. "అడ్వాన్సు తిరిగి పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే అక్కడితో ఆపేయండి. యూపీఐ పిన్ డబ్బు పోవడానికే, రావడానికి ఎప్పుడూ అక్కరలేదు.