పాత మైక్రోస్కోప్ ఇత్తడి కండెన్సర్ మీద 1.40 అని ఉంది. ఇది ఎవరి డిజైన్? ఇప్పటికీ పనికొస్తుందా?

ఇత్తడి బాడీ, పైన అర్ధగోళంలా చిన్న లెన్సు, దాని కింద పెద్ద లెన్సులు రెండు, అంచు మీద 1.40. మీరు రాసిన ఈ గుర్తులను బట్టి ఇది మూడు లెన్సుల అబ్బే కండెన్సర్, అంటే స్లైడ్ కింద ఉండి దాని మీదకు కాంతిని పోగుచేసే భాగం. ఆ 1.40 దాని న్యూమరికల్ అపర్చర్, కాంతి శంకువు ఎంత వెడల్పో చెప్పే సంఖ్య. రెండు లెన్సులవాటి మీద సాధారణంగా 1.20 ఉంటుంది. అంతమాత్రాన ఇది జైస్ కంపెనీ సరుకే అనుకోకండి. ఆ డిజైన్‌ని తర్వాత బోలెడు కంపెనీలు చేశాయి. పేరు చెక్కి లేనిదాన్ని "ఒరిజినల్ జైస్" అని అమ్మితే ఆ మాటకు అదనంగా రూపాయి కూడా ఇవ్వకండి.

దీని పుట్టిల్లు జర్మనీలోని యేనా. అక్కడి యూనివర్సిటీలో భౌతికశాస్త్రం చెప్పే ఎర్నెస్ట్ అబ్బే 1866 నుంచి మైక్రోస్కోప్‌లు తయారుచేసే కార్ల్ జైస్‌తో కలిసి పనిచేశాడు. ఈ కండెన్సర్ గురించి 1873లో ప్రచురించాడు. ఎంత సన్నని వివరం కనిపిస్తుందనేది మాగ్నిఫికేషన్ చేతిలో లేదు, లెన్సు ఎంత వెడల్పు కోణంలో కాంతిని పట్టుకుంటుందనే దాని మీద ఉంది అని ఆయన తేల్చింది కూడా ఆ ఏడాదే. ఇంగ్లండ్‌లో అప్పటికే రంగుల దోషం సరిదిద్దిన ఖరీదైన కండెన్సర్లు ఉండేవి. అబ్బే ఆ జోలికి పోలేదు. మామూలు లెన్సులతోనే వీలైనంత వెడల్పు కాంతి శంకువు వస్తే చాలనుకున్నాడు. అందుకే ఇందులోంచి చూస్తే దీపం అంచుల్లో ఎరుపు, నీలం కనిపిస్తాయి. లెన్సు పాడైందని కంగారు పడకండి, దాని తీరే అంత. పక్కన చిన్న పళ్ల చక్రం, మర ఉంటే మాత్రం అదృష్టమే. ఐరిస్‌ని (కాంతి వచ్చే రంధ్రాన్ని పెద్దదీ చిన్నదీ చేసే రేకుల వలయం) పక్కకు జరిపి ఏటవాలు వెలుతురు తెప్పించే ఏర్పాటు అది.

దీని విలువ బాగా పట్టుకున్నవాడు బాక్టీరియా మీద పరిశోధించిన జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోచ్. రంగు వేయని కణాలు వాటి అంచుల నీడల వల్ల కనిపిస్తాయి, రంగు వేసిన బాక్టీరియా ఆ రంగు వల్ల కనిపిస్తుంది. ఐరిస్ పూర్తిగా తెరిస్తే చుట్టుపక్కల కణజాలం నీడలు చెదిరిపోయి, రంగు ఒక్కటే మిగులుతుంది. 1878లో గాయాల ఇన్ఫెక్షన్ల మీద ఆయన రాసినప్పుడు వాడిన కిటుకు ఇదే.

ఆస్పత్రి ల్యాబ్‌లో టీబీ కళ్లె స్లైడ్లు చూసినన్నాళ్లూ ఈ గొడవ నాకు రోజూ ఉండేది. కొత్తగా చేరిన పిల్లలు కళ్లు జిగేల్‌మంటున్నాయని ఐరిస్ మూసేస్తారు. అప్పుడు చెత్తంతా నల్లగా తేలి, ఎర్రగా రంగెక్కిన టీబీ బాక్టీరియా కడ్డీలు అందులో కలిసిపోతాయి. వెలుతురు ఎక్కువైతే బల్బు దగ్గర తగ్గించాలి గానీ ఐరిస్ దగ్గర కాదు. మూత్రం అడుగున దిగే మడ్డి (సెడిమెంట్) చూసేటప్పుడు మాత్రం ఇదంతా తిరగేసి చేయాలి. ఐరిస్ మూయకపోతే క్యాస్ట్‌లు (కిడ్నీ నాళికల్లో అచ్చుపోసినట్టు తయారయ్యే ముక్కలు) కంటికి ఆనవు.

లెక్క కావాలంటే: ఆకుపచ్చ కాంతి 0.55 మైక్రాన్లు, ఆబ్జెక్టివ్ (స్లైడ్ పైన ఉండే లెన్సు) న్యూమరికల్ అపర్చర్ 1.25, కండెన్సర్‌ది కూడా 1.25 అయితే సుమారు 0.22 మైక్రాన్ల దూరంలోని రెండు చుక్కలు విడిగా కనిపిస్తాయి. ఐరిస్‌ని 0.3 దాకా మూస్తే అది 0.35 అవుతుంది. మీదాని మీద 1.40 అని ఉన్నా, కండెన్సర్‌కీ స్లైడ్‌కీ మధ్య ఆయిల్ వేయకపోతే 1.0 దాటదు. నిజం చెప్పాలంటే రోజువారీ పనికి అక్కడ ఆయిల్ ఎవరూ వేయరు, నేనూ వేయలేదు.

ఇప్పటి మైక్రోస్కోప్‌కి పడుతుందా అన్నది కండెన్సర్ స్లీవ్ (మైక్రోస్కోప్ రింగ్‌లో దూరే గొట్టం) వ్యాసం మీద ఉంటుంది. ఒక్కో కంపెనీది ఒక్కో సైజు కాబట్టి వెర్నియర్‌తో కొలిచి, మీ మైక్రోస్కోప్ రింగ్‌తో సరిచూసుకోండి. పై లెన్సు మీద గట్టిపడిన పసుపు పొర ఉంటే అది పాత సెడార్‌వుడ్ ఆయిల్ కావచ్చు, లెన్స్ పేపర్ మీద కాస్త జైలీన్ వేసి తుడిస్తే పోతుంది. ఇత్తడిని స్పిరిట్‌తో తుడవకండి, పాత లక్క పూత లేచిపోతుంది. 4ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో చూసేటప్పుడు వెలుతురు మధ్యలోనే పడుతుంటే పై లెన్సు మర తిప్పి తీసేయండి. కింద అద్దం ఉన్న మోడల్ అయితే చదును వైపే వాడండి, గుంట వైపు కండెన్సర్ లేకుండా చూసేటప్పటికి.