పెద్దల బొమ్మల ధారావాహికలు గీసే కొలువు: రాజోలు తల్లికి జవాబు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మావారు కొబ్బరి వ్యాపారం చేస్తూ నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నారు. మా అబ్బాయి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం, ఎంపీసీ. చిన్నప్పటి నుంచి బొమ్మలు గీస్తాడు. ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దని, అమెరికాలో 'ది సింప్సన్స్' అనే బొమ్మల ధారావాహిక తీసిన ఫిల్మ్ రోమన్ లాంటి స్టూడియోలో పనిచేస్తానని అంటున్నాడు. అవి పెద్దల కార్యక్రమాలని తెలిసి వాళ్ల నాన్న కోప్పడ్డారు. ఆ పని మర్యాదైనదేనా? అటువంటి స్టూడియోలు నిలుస్తాయా? ఏ చదువు చదివించాలి?

జవాబు: అమ్మా, నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది "యానిమేషన్ చేస్తాను" అని మాత్రమే చెబుతారు. మీ అబ్బాయి ఒక స్టూడియో పేరు చెప్పగలిగాడంటే, తెర మీద కదిలే బొమ్మ వెనుక ఎవరి చెయ్యి ఉందో వెతికి తెలుసుకున్నాడని అర్థం. అందుకే ఆ స్టూడియో చరిత్రనే ముందు చెబుతాను. మీరడిగిన మూడు ప్రశ్నల్లో రెండింటికి అందులోనే సమాధానం ఉంది, మూడోదానికి దారి ఉంది.

ముందుగా వాళ్ల నాన్నగారి అనుమానం. పెద్దల యానిమేషన్ అంటే అశ్లీల చిత్రమని కాదు. సంసారం, అప్పులు, ఉద్యోగం, మతం, రాజకీయం వంటి పెద్దవాళ్ల సంగతులను బొమ్మల ద్వారా చెప్పే ధారావాహిక అని. ఫిల్మ్ రోమన్ గీసిన 'కింగ్ ఆఫ్ ది హిల్' 1997లో మొదలై 2010 వరకు నడిచింది. అందులో కథానాయకుడు టెక్సస్‌లోని ఒక చిన్న ఊళ్లో ప్రొపేన్ గ్యాస్ అమ్మే మధ్యతరగతి తండ్రి. హాస్యగాడినవుతానని కలలు కనే కొడుకు మనసు అతనికి ఎంతకీ అంతుపట్టదు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది దానికి చాలా దూరమేమీ కాదు. అయితే ఈ కోవలోని కార్యక్రమాలన్నీ ఇంత సౌమ్యంగా ఉండవు, మోటుగా ఉండేవీ ఉన్నాయి. మన దేశంలో 2021 నియమాల ప్రకారం ఆన్‌లైన్ వేదికలు ప్రతి కార్యక్రమానికి ఏ వయసువారికి తగినదో గుర్తు వేయాలి. అబ్బాయి ఏం చూస్తున్నాడో ఆ గుర్తును బట్టి మీరే చూసుకోవచ్చు.

ఇక చరిత్ర. ఈ స్టూడియో స్థాపకుడు ఫిల్ రోమన్ 1930లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో, మెక్సికో మూలాలున్న కుటుంబంలో పుట్టారు. ఫ్రెస్నో కూడా మన డెల్టాలాగే వ్యవసాయ సీమ. ఆయన 1950లలో డిస్నీ సంస్థలో సహాయకుడిగా చేరి, 1960లలో చక్ జోన్స్ దగ్గర, 1970లలో బిల్ మెలెండెజ్ దగ్గర పనిచేశారు; ఇద్దరూ పేరున్న బొమ్మల చిత్రాల దర్శకులు. దాదాపు ముప్పై ఏళ్లు ఇతరుల బల్లల దగ్గర కూర్చుని గీసిన తరువాత, యాభై దాటిన వయసులో, 1984లో సొంత స్టూడియో పెట్టారు. గార్‌ఫీల్డ్ అనే పిల్లి బొమ్మల ప్రత్యేక కార్యక్రమాలతో మొదలై, అమెరికా టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ బహుమతులతో పేరు తెచ్చుకున్న స్టూడియో అది. ఇంటర్ పూర్తికాకుండానే స్టూడియో కలలు కంటున్న మీ అబ్బాయికి ఈ ముప్పై ఏళ్ల లెక్కను తప్పకుండా చదివి వినిపించండి.

'ది సింప్సన్స్' మొదట వీరి చేతిలో లేదు. 1987లో ఒక వినోద కార్యక్రమం మధ్యలో వచ్చే చిన్న తునకలుగా అది మొదలైనప్పుడు గీసింది క్లాస్కీ సూపో అనే స్టూడియో. దాని స్థాపకుల్లో ఒకరైన గాబోర్ సూపో హంగరీ నుంచి వలస వచ్చినవారు. అరగంట ధారావాహికగా మార్చినప్పుడు మొదట పూర్తయిన భాగం, బొమ్మలు నింపడానికి పంపిన కొరియా నుంచి తిరిగి వచ్చింది. దాన్ని చూసి నిర్మాతలు నిశ్చేష్టులయ్యారు. తలుపులు, గోడలు రబ్బరులా ఊగుతున్నాయి. మనుషుల బరువు, ఇంటి గట్టిదనం నిజంగా ఉన్నట్టు కనిపించాలన్నది వారి కోరిక. దాదాపు 70 శాతం మళ్లీ గీయించవలసి వచ్చింది. ధారావాహిక ఆలస్యమై, 1989 డిసెంబరు 17న క్రిస్మస్ కథతో మొదలైంది. కొరియా నుంచి వచ్చిన ఆ చెడిన భాగాన్ని సరిదిద్ది 1990 మే నెలలో గాని చూపించలేకపోయారు. ఈ సంఘటనను నేను ప్రతి విద్యార్థికీ చెబుతాను. గీతలు అందంగా ఉండటం ఒక విద్య, ఆ గీతల లోకంలో ఏది ఎంత బరువుతో ఎంత సేపట్లో కదలాలో నిర్ణయించి ఇంకొకరికి అర్థమయ్యేలా రాసి పంపడం వేరొక విద్య. ఈ రెండోదానికే స్టూడియోలో విలువ ఎక్కువ.

1992లో, నాలుగో సీజన్‌కు, ఆ పని ఫిల్మ్ రోమన్ చేతికి వచ్చింది. 2016 వరకు 24 ఏళ్లు అక్కడే ఉంది. పని ఇలా పంచుకునేవారు. రచన నిర్మాతల దగ్గర జరిగేది. నటుల గొంతులు ముందే రికార్డు చేసేవారు. ఆ మాటలు వింటూ లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని స్టూడియోలో స్టోరీబోర్డు వేసేవారు, అంటే కథను వరుస చిత్రాలుగా గీసేవారు. ఆ చిత్రాలను మాటలకు జతచేసి కదిలిస్తే యానిమాటిక్ అవుతుంది. ఏ హాస్యం పండలేదో అక్కడే బయటపడుతుంది. తరువాత ప్రతి దృశ్యానికి లేఅవుట్ (ఏది ఎక్కడ ఉండాలో చూపే గీత), ముఖ్య భంగిమలు, ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు (తెర మీద సెకనుకు 24 చొప్పున పడే విడి చిత్రాలు) నిలవాలో చెప్పే పట్టిక సిద్ధమయ్యేవి. ఆ కట్టలన్నీ సియోల్‌కు వెళ్లేవి. భంగిమకూ భంగిమకూ నడుమ ఉండే బొమ్మలు, రంగులు అక్కడి చిత్రకారులు పూర్తి చేసి పంపేవారు. ఒక బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. 22 నిమిషాల భాగానికి లెక్క వేస్తే 15,840. పాత్ర కదలకుండా నిలిచిన చోట్ల కొన్ని తగ్గుతాయి, ఇద్దరు ముగ్గురు పాత్రలున్న చోట పెరుగుతాయి. నరసాపురం లేసు పనిలో నమూనా ఒకచోట ఖరారై, అల్లిక వందల ఇళ్ల అరుగుల మీద జరగడం మీరు చూసే ఉంటారు. బొమ్మల పని కూడా అలాగే రెండు దేశాల మధ్య పంచుకున్నారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఇటువంటి స్టూడియో నిలుస్తుందా అన్నది. ఇది మీవారికి కౌలు లెక్కలో చెబితే వెంటనే బోధపడుతుంది. 'ది సింప్సన్స్' అనే భూమి అప్పట్లో ఫాక్స్ అనే అమెరికా టీవీ, సినిమా సంస్థది. ఫిల్మ్ రోమన్ దాన్ని సాగుచేసిన కౌలుదారు మాత్రమే. అయితే మన కౌలులో యజమానికి మక్తా స్థిరం, మిగులు ఏదైనా ఉంటే రైతుది. అక్కడ అది తిరగబడింది. గీసినవారికి గీత కూలి స్థిరం. పునఃప్రసారాల మీద, ఆటబొమ్మల మీద, చొక్కాల మీద వచ్చే మిగులంతా యజమానిది. ప్రపంచమంతా చూసే కార్యక్రమం చేతిలో ఉన్నా ఆ స్టూడియో ధనవంతం కాలేకపోవడానికి ప్రధాన కారణం ఇదేనని నా అభిప్రాయం. 1996లో వాటాలను ప్రజలకు అమ్మి, సొంత పాత్రలు తయారు చేసుకోవాలని చూశారు. అది ఆశించినంత ఫలించలేదు. 1999లో స్థాపకుడే వెళ్లిపోయి మరో సంస్థ పెట్టుకున్నారు. 2003లో ఐడీటీ అనే టెలిఫోన్ వ్యాపార సంస్థ, 2006లో లిబర్టీ మీడియా, 2015లో వాటర్‌మన్ ఎంటర్‌టైన్‌మెంట్, ఇలా చేతులు మారాయి. 2016లో యజమాని తన పొలాన్ని తానే చేసుకుంటానన్నట్టు, ఫాక్స్ సంస్థ 'ది సింప్సన్స్' పనిని తన సొంత స్టూడియోకు తీసుకుపోయింది. మీ అబ్బాయి ఏ ఫిల్మ్ రోమన్‌లో చేరాలని కలగంటున్నాడో, ఆ రూపంలో అది ఈనాడు లేదు. ఈ మాట మీరు చెప్పడం కంటే అతడే చదివి తెలుసుకోవడం మంచిది.

అయితే ఇందులో భయపడవలసినంత చీకటి కూడా లేదు. గీసే మనుషుల దారులు సంస్థల దారుల కంటే పొడవుగా సాగాయి. 1987లో ఆ చిన్న తునకలను గీసిన కొద్దిమందిలో డేవిడ్ సిల్వర్‌మన్, వెస్ ఆర్చర్ ఉన్నారు. సిల్వర్‌మన్ ఆ ధారావాహిక దర్శకుల్లో ముఖ్యుడై, తరువాత పిక్సార్ సంస్థలో 2001 నాటి 'మాన్‌స్టర్స్, ఇంక్.' చిత్రానికి సహ దర్శకుడై, తిరిగి వచ్చి 2007లో 'ది సింప్సన్స్ మూవీ'కి దర్శకత్వం వహించారు. ఆర్చర్ 'కింగ్ ఆఫ్ ది హిల్' దర్శకత్వ బాధ్యత తీసుకున్నారు. వారికి పని తెచ్చిపెట్టింది మొదట చేరిన స్టూడియో పేరు కాదు. స్టోరీబోర్డు, భంగిమ, టైమింగ్ అనే మూడింటి మీద ఉన్న పట్టు.

పోయిన పనులు కూడా ఉన్నాయి. పారదర్శక రేకుల మీద బొమ్మలకు కుంచెతో రంగులద్దే వృత్తి ఒకటుండేది. 2002లో 'ది సింప్సన్స్' పూర్తిగా కంప్యూటర్ రంగులకు మారినప్పుడు ఆ కుంచెలకు అక్కడ పని లేకుండా పోయింది. ఈనాటి కొత్త సాధనాలు మధ్య బొమ్మలు నింపే పనిని కూడా అదే విధంగా తగ్గిస్తాయని నేను అనుకుంటున్నాను. కాబట్టి నింపే పనితో మొదలుపెట్టినా అందులోనే ఉండిపోయే ఆలోచన పెట్టుకోవద్దని అబ్బాయికి చెప్పండి.

మన దగ్గర పరిస్థితి ఏమిటంటే, హైదరాబాదు స్టూడియోలు చాలాకాలంగా విదేశీ సంస్థలకు కౌలు పని చేస్తూ వచ్చాయి. సొంత భూమి సంపాదించుకున్న ఉదాహరణ గ్రీన్ గోల్డ్ సంస్థది. 2008లో వారు మొదలుపెట్టిన 'ఛోటా భీమ్' పిల్లల ధారావాహిక వారి సొంత ఆస్తి. పెద్దల కోసం ఏళ్ల తరబడి నడిచే బొమ్మల ధారావాహికలు మాత్రం మన దేశంలో బహు తక్కువ. కనుక మీవాడి తొలి ఉద్యోగం పిల్లల కార్యక్రమంలోనో, ఆటల సంస్థలోనో, సినిమా గ్రాఫిక్స్‌లోనో ఉంటుందని ముందే మనసు సిద్ధం చేసుకోవాలి.

చదువు విషయం. ఇంటర్‌లో ఏ గ్రూపు వారైనా రాయగల పరీక్షలు రెండున్నాయి. మొదటిది జాతీయ డిజైన్ సంస్థల ప్రవేశ పరీక్ష, ఎన్‌ఐడీ డ్యాట్. అహ్మదాబాదు ఎన్‌ఐడీలో నాలుగేళ్ల డిజైన్ డిగ్రీలో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ప్రత్యేక విభాగంగా ఉంది. మన రాష్ట్రంలో 2015లో మొదలైన ఎన్‌ఐడీలో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది. రెండోది ఐఐటీ బొంబాయి నిర్వహించే డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్ష, యూసీడ్. ఇది జనవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అక్టోబరులోనే మొదలవుతాయి. వీటిలో సీట్లు కొద్ది, పోటీ తీవ్రం. ఆ తరువాతి మెట్టుగా బీఎఫ్‌ఏ, అంటే లలితకళల డిగ్రీని చూడండి. కడపలోని ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయంలోను, హైదరాబాదులోని అటువంటిదే అయిన జేఎన్‌ఏఎఫ్‌ఏయూ విశ్వవిద్యాలయంలోను యానిమేషన్ ఉంది. రాష్ట్ర విభజనప్పుడు రెండు రాష్ట్రాలకు పెట్టిన ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024లో ముగిసినందువల్ల హైదరాబాదు సీటుకు స్థానికత నిబంధనను ప్రకటనలో చదివాకే దరఖాస్తు చేయించండి. ఈఏపీసెట్ కూడా రాయనివ్వండి. పై దారులేవీ కుదరకపోతే ఇంజినీరింగ్ చదువుతూ గీయడం మానకుండా ఉండవచ్చు. 'కింగ్ ఆఫ్ ది హిల్' సృష్టికర్తల్లో ఒకరైన మైక్ జడ్జ్ చదివింది భౌతికశాస్త్రం. నరసాపురంలో పుట్టిన మన బాపుగారు న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నారు, సినిమా తీసే ముందు దృశ్యాలన్నీ బొమ్మలుగా గీసుకునేవారు. స్టోరీబోర్డు అంటే ఏమిటని మీవారు అడిగితే, బాపుగారు గీసుకున్నది అదే అని చెప్పండి.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఏడాదిలో ఉద్యోగం ఖాయమని చెప్పి లక్షల్లో ఫీజు కట్టించుకునే శిక్షణ కేంద్రాలున్నాయి. కొన్నేళ్ల క్రితం అలాంటి ఒక చోట చేరమని ఒక విద్యార్థికి నేనే చెప్పాను. అక్కడ పది నెలలు సాఫ్ట్‌వేర్ మీటలు తప్ప పెన్సిల్ పట్టించలేదు. అతను చూపించిన పనిలో మనిషి నడక కూడా కుదరలేదు, ఏ స్టూడియో తీసుకోలేదు. ఆ తండ్రి కట్టిన డబ్బు గుర్తొచ్చినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అప్పటినుంచి, ఆ ఆవరణలో రోజూ మనుషులను చూసి గీయించే తరగతి ఉందా అని వెళ్లి కళ్లారా చూసుకోకుండా ఎవరినీ ఎక్కడికీ పంపడం లేదు. సాఫ్ట్‌వేర్ ఇంట్లోనే నేర్చుకోవచ్చు. బ్లెండర్, క్రిటా, ఓపెన్‌టూంజ్ డబ్బు కట్టకుండా దొరుకుతాయి.

మనుషులను చూసి గీయడానికి మీ ఊరి కంటే మంచి చోటు వేరే అక్కర్లేదు. మీవారి కొట్టం దగ్గర కొబ్బరి ఒలుపు జరుగుతున్నప్పుడు అబ్బాయిని ఒక పుస్తకంతో కూర్చోబెట్టండి. కాయ ఇనుప మొన మీదకు దిగే ముందు భుజం ఎంత పైకి లేస్తుంది, నడుము ఎటు వంగుతుంది, పీచు విడిపోయే క్షణంలో చెయ్యి ఎలా తేలిక పడుతుంది అన్నది ఒక సెకను కదలికగా 12 బొమ్మల్లో గీయమనండి. మొదటి సారి కాయకు బరువు లేనట్టే ఉంటుంది. పదిసార్లు గీస్తే తేడా అతనికే తెలుస్తుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కే జనాన్ని, దింపు కార్మికుడు చెట్టు దిగే తీరును కూడా అలాగే గీయించండి. దసరా సెలవుల్లోపు అరవై పేజీలు నిండితే ఆ పుస్తకం పట్టుకుని ముగ్గురూ రండి. వాళ్ల నాన్నగారిని తప్పకుండా తీసుకురండి. ఆ ఒలుపు బొమ్మలో బరువు సరిగా కుదిరిందో లేదో నాకంటే ఆయనే బాగా చెప్పగలరు.