నీ కథలో దొంగకి గురువేడీ?

తమ్ముడూ,

కథ చదివాను. బస్టాండ్ సీన్ బావుంది, కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసరడం దగ్గర్నుంచి అన్నీ కళ్లకి కట్టాయి. కానీ వాళ్ల నాన్న పోయాక నీ కథలో కుర్రాడు ఆకలికి తట్టుకోలేక తెల్లారేసరికి జేబుదొంగ అయిపోయాడు చూడు, అక్కడ నాకు నమ్మకం పోయింది. ఆకలేస్తే అరటిపండు ఎత్తుకుపోతాడేమో గానీ, నిలబడ్డ మనిషి లోపలి జేబులోంచి పర్సు లాగడం ఆకలి నేర్పదు. ఎవరో నేర్పాలి.

అమెరికాలో ఎడ్విన్ సదర్లాండ్ అని ఒక సోషియాలజిస్టు, ఒక వృత్తి దొంగ చేత వాడి బతుకంతా చెప్పించి 1937లో పుస్తకంగా వేశాడు. జేబులు కొట్టడం ఒంటరి పని కాదట. ఒకడు అడ్డం పడి మనిషిని ఆపుతాడు, వేళ్లు పెట్టేది ఇంకొకడు. మేస్త్రీ దగ్గర చేరిన కుర్రాడు ముందు ఇసుక జల్లించినట్టే, కొత్తవాడికి చిన్న పనులే దక్కుతాయి. పైగా నేను దొంగనని వాడనుకుంటే చాలదు, మిగతా దొంగలు ఒప్పుకోవాలి!

చేతిపని ఒక్కటే కాదు, మనసుకి సర్దిచెప్పుకునే మాటలు కూడా దగ్గరి మనుషుల నుంచే వస్తాయంటాడాయన. 1957లో సైక్స్, మాట్జా అనే ఇద్దరు సోషియాలజిస్టులు ఆ మాటల్ని రకాలుగా విడదీసి చూపించారు. మన వీధిలో వినిపించేవే: "బలిసినోడు, వాడికేం తక్కువ?", "పోలీసోళ్లు తినట్లేదేంటి?", "మనోడి కోసం చేశాం, తప్పేంటి?" నీ కుర్రాడు మొదట ఇవి పక్కవాడి నోట వింటాడు, ఏమనాలో తెలీక నవ్వి ఊరుకుంటాడు, కొన్ని పేజీల తర్వాత అవే మాటలు చెల్లెలితో తన సొంత మాటల్లా అనేస్తాడు. ఆ సీన్ రాయి. పర్సు కొట్టే సీన్ తీసేసినా నాకు పర్లేదు.

ఎస్సై చేత "వీళ్ల రక్తంలోనే ఉంది" అనిపించావు. ఎస్సై అంటే అననీ, కథ మాత్రం ఆయనకి వంతపాడకూడదు. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలకి పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసింది, మన స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలని అలాగే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ కాపలాలో ఉంచారు. చట్టం పోయినా ముద్ర పోలేదు. సదర్లాండే 1949లో అమెరికాలోని 70 పెద్ద కంపెనీల నేరాల మీద ఇంకో పుస్తకం రాశాడు, అక్కడా కొత్తగా చేరినవాడికి సీనియర్లు "ఇక్కడ ఇంతే" అని నేర్పేవాళ్లే. దానికి రక్తం అని ఎవరూ అనరేం?

ఇంకొకటి, కథలోకి గురువుని తెచ్చాక ఆయన్ని రాక్షసుణ్ణి చెయ్యకు. నాన్న పోయాక వాడికి మొదటిసారి కడుపునిండా బిర్యానీ పెట్టించింది, జ్వరమొస్తే మాత్రలు తెచ్చింది ఆయనే అయ్యుండాలి, లేకపోతే కుర్రాడు ఆ గుంపులో ఎందుకుంటాడు? చెల్లెలు ఒకవైపు, ఈయన ఒకవైపు లాగాలి.

మళ్లీ రాసి పంపు. ఈసారి కాస్త పెద్దక్షరాల్లో.