లోయర్ ఆర్మ్ బోల్టు తుప్పుతో బిగుసుకుపోతే

గోపాల్‌పూర్ ఉప్పుగాలికి తుప్పుపట్టిన మీ పాత కారు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది చేయి) నట్టు ఊడివచ్చినా, బోల్టు మాత్రం కదలడం లేదని రాశారు. అక్కడ పట్టుకున్నది మర కాదు. బుష్ (ఆర్మ్ కీలు దగ్గర ఉండే రబ్బరు దిమ్మ) లోపలి ఇనుప గొట్టానికి బోల్టు కాండం అతుక్కుపోయింది. దయచేసి సుత్తితో బాదకండి, మర చెడిపోతుంది. తుప్పు వదిలించే నూనెను రెండు వైపులా జల్లి, రాత్రంతా నాననిచ్చి, పొడవాటి పానాతో బోల్టు తలను మొదట కొద్దిగా బిగించే వైపుకు, తరువాత విప్పే వైపుకు మార్చిమార్చి తిప్పితే, అంచు నుంచి సన్నని ఎర్రటి పొడి రాలుతుంది. అది పట్టు వదులుతున్నదనడానికి గుర్తు. అప్పటికీ రాకపోతే బుష్‌కు రెండు పక్కలా రంపపు బ్లేడుతో బోల్టును కోసి, బుష్‌ను కూడా మార్చడమే మేలు. పర్లాకిమిడిలో మా పాత వ్యానుకు చివరికి అదే చేయవలసి వచ్చింది. రబ్బరు అంటుకుంటుంది కనుక గ్యాస్ మంట వద్దు. కొత్త బోల్టు కాండానికి గ్రీజు పూసి, బండి బరువు చక్రాలపై పడిన తరువాతే చివరిగా బిగించండి. లేకుంటే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.